మా నూతి నీళ్ళలో పెట్రోలు: ఒక్క సరైన శాంపిల్ కోసం ఇంత పోరాటమా?

నిన్న సరైన రిపోర్టు చేతికొచ్చింది. పరీక్ష కోసం మా గోడ పక్కన వేసిన బోరులో, పెట్రోలులో ఉండే బెంజీన్ ఉంది. తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, ఇక్కడ అంతకు చాలా ఎక్కువే తేలింది. క్యాన్సర్ తెచ్చే రసాయనం అది. కాగితం చూసి భయం వేసింది, అయినా ఇన్నాళ్ళ టెన్షన్ తీరింది.

మాది గోదావరి డెల్టా. పది పన్నెండు అడుగుల్లోనే నీళ్ళు. ఇంటి వెనక పాత పెట్రోలు బంకు ఉంది. వేసవిలో కాలవలకు నీళ్ళు ఆపేశాక నూతిలో చేద వేస్తే నీళ్ళ మీద రంగురంగుల తెట్టు, గుప్పున పెట్రోలు వాసన. తాగడం, వండడం ఆ రోజే మానేశాం. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే రసీదు ఇచ్చారు. అంతవరకు ఇబ్బంది లేదు.

అసలు కథ శాంపిల్ దగ్గర. శాంపిల్ తీసేవాళ్ళు వచ్చేసరికి వానాకాలం, నుయ్యి నిండుగా ఉంది. ఒక కుర్రాడు ఖాళీ వాటర్ బాటిల్‌లో సగం వరకు నీళ్ళు పట్టి, బండికి తగిలించుకుని ఎండలో వెళ్ళిపోయాడు. రిపోర్టులో "కనపడలేదు" అని రాశారు. ఆఫీసుకు వెళ్తే, అంతమంది ముందు నన్ను నిలబెట్టి, "ఏమ్మా, బంకు వాళ్ళతో స్థలం గొడవేమైనా ఉందా? డబ్బుల కోసమా?" అన్నాడు అక్కడి ఆఫీసరు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

నేను బీయస్సీ కెమిస్ట్రీ చదివాను. సగం సీసాలో బెంజీన్ నిలవదు, పైనున్న గాలిలోకి లేచిపోతుంది. మూత తీయగానే అదీ పోతుంది. పైగా నీటిమట్టం పెరిగితే పెట్రోలు మట్టి రేణువుల మధ్య చిక్కుకుపోయి పైకి తేలదు, మట్టం దిగితే మళ్ళీ కనపడుతుంది. ఇవి తెలిసి ఉండాల్సిన వాళ్ళే నన్ను అబద్ధాలకోరును చేశారు. చదువుకున్న నాకే ఇలా అయితే, వీధి చివర నూతి నీళ్ళే తాగే వాళ్ళ మాట ఎవరు వింటారు?

సమాచార హక్కు కింద అడిగాను: శాంపిల్ ఏ సీసాలో తీశారు, ఐసులో పెట్టారా, ల్యాబ్‌కు ఎప్పుడు చేరింది, ఏ పద్ధతిలో పరీక్షించారు? 30 రోజుల గడువులోపే జవాబు వచ్చింది, ఆ గడులన్నీ ఖాళీ! అది జతచేసి పైవాళ్ళకు రాశాక కదిలారు.

ఈసారి వచ్చినవాళ్ళు పని తెలిసినవాళ్ళు. బంకు చుట్టూ మూడు బోర్లు వేశారు. మూడింటి నీటిమట్టాలూ పోల్చితే నీళ్ళు ఎటు పారుతున్నాయో తెలుస్తుందట, మా ఇంటివైపే అని తేలింది. ముందు కొలిచే పరికరం ఒకటి బోరులోకి దింపి తెట్టు ఎంత మందం ఉందో చూశారు. బోరులో నిలవ నీళ్ళు తోడి పారబోసి, కొత్త నీరు ఊరాక 40 మిల్లీలీటర్ల గాజు సీసాల్లో అంచు దాకా పట్టారు. అందులో ముందే కాస్త ఆసిడ్ ఉంది. మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టారు. ఒక సీసాలో ఆవగింజంత బుడగ కనపడితే దాన్ని పక్కన పెట్టేసి ఇంకోటి పట్టారు. అన్నీ ఐసు పెట్టెలో పెట్టి, టైము రాసి, సంతకాలు తీసుకున్నారు.

మీకు ఇలాంటిదే వస్తే సీసా సగం నింపినవాణ్ణి గడప దాటనివ్వకండి, ఫోటో తీసుకోండి. "నూనె పరీక్ష చేశాం" అంటే ఒప్పుకోకండి, పెట్రోలులో ఉండే రసాయనాలు బెంజీన్, టాలుయీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ విడివిడిగా రాసిమ్మనండి. నూతి దగ్గర అగ్గిపుల్ల గీసి చూడనివ్వకండి, ఆవిరి అంటుకుంటుంది.

ఒక్క రిపోర్టుతో ఫైలు మూసేద్దామని చూశారు, నేను ఒప్పుకోలేదు. కాలవలకు నీళ్ళు ఆపినప్పుడొకసారి, వానలయ్యాక ఒకసారి, అవే బోర్లలో, అదే పద్ధతిలో తీయాలని రాయించుకున్నాను. వచ్చే శాంపిల్ వేసవిలో.