కార్డు పెట్టిన ప్రధాని

ఐవరీ కోస్ట్‌లో మాలాంటి పరాయి దేశస్థులు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాల్సిన కార్డు ఒకటుంది. నివాస అనుమతి అది, మొదట్లో 'కార్త్ ద సెజూర్' అనేవాళ్లు. నేను పలాస ఫ్యాక్టరీలకు జీడిపిక్కలు కొనే పని మీద బువాకే నగరంలో ఉంటాను. కార్డు గడువు దగ్గరపడితే చెక్‌పోస్టు దగ్గర టెన్షనే. 1990ల మొదట్లో దాన్ని ప్రవేశపెట్టింది అప్పటి ప్రధాని, ఇప్పటి అధ్యక్షుడు అలసాన్ వత్తారా ప్రభుత్వం.

అప్పట్లో కోకో, కాఫీ ధరలు పడిపోయి ఖజానా ఖాళీ. 1960 నుంచి ఏలుతున్న ముసలి అధ్యక్షుడు ఉఫ్వే బ్వానీ, అంతకుముందు ఐఎంఎఫ్‌లో పనిచేసి కేంద్ర బ్యాంకు గవర్నరుగా ఉన్న వత్తారాను 1990 నవంబరులో ప్రధానిని చేశాడు. వత్తారా ఖర్చులు కోశాడు, ప్రభుత్వ సంస్థలు అమ్మాడు. కార్డు ఫీజు రూపంలో వలస కూలీల జేబుల్లోంచీ రాబట్టాడు.

1993 డిసెంబరులో పెద్దాయన పోయాడు. కుర్చీ కోసం జరిగిన పోటీలో అసెంబ్లీ స్పీకరు బేదియే గెలిచాడు. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల చట్టం అధ్యక్ష పదవికి పోటీచేసేవాడి తల్లీతండ్రీ ఇద్దరూ పుట్టుకతో ఇక్కడివాళ్లే అయ్యుండాలంది. వత్తారా తండ్రిది పొరుగు దేశం బుర్కినా ఫాసో అని ప్రచారం. 1995లో ఆయన పోటీ చేయలేదు, 2000లోనూ లేదు. ఊళ్లకు ఊళ్లు కార్డు అడిగించినవాడినే చివరికి 'నువ్వెవరు' అన్నారు!

ఆయన సంగతి సరే, ఆయనలాంటి పేరున్న ఉత్తరాది ముస్లింల పాట్లు చూడాలి. మా లారీ డ్రైవరు చెబుతాడు: పోలీసు పేరు చదివి, "నువ్వు బుర్కినా వాడివి" అని గుర్తింపు కార్డు చింపేసేవాడట. 2002లో అంతర్యుద్ధం మొదలయ్యాక బువాకేనే తిరుగుబాటుదారుల కేంద్రమైంది.

2010 ఎన్నికల్లో వత్తారా గెలిచినా అప్పటి అధ్యక్షుడు బాగ్బో దిగలేదు. ఐక్యరాజ్య సమితి కాపలాలో ఒక హోటల్లో ఉంటూనే వత్తారా ప్రభుత్వం నడిపాడు. 2011 ఏప్రిల్‌లో బాగ్బో దొరికేసరికి దాదాపు 3,000 మంది పోయారు. ఆ తర్వాత రోడ్లు బాగుపడ్డాయి, కాదనను. 2014లో అబిజాన్‌లో తెరిచిన మూడో వంతెనకు బేదియే పేరే పెట్టారు. 2010లో మద్దతిచ్చాడు కదా! రాజకీయమంటే అదే మరి.

2025లో ప్రతిపక్ష నేత తిజాన్ థియాం పేరును కోర్టు ఓటర్ల జాబితాలోంచి తీసేసింది. 1987లో ఫ్రాన్స్ పౌరసత్వం తీసుకున్నాడు కాబట్టి ఇక్కడి పౌరసత్వం పోయిందని తీర్పు. అక్టోబరులో వత్తారా దాదాపు 90 శాతం ఓట్లతో నాలుగోసారి నెగ్గాడు.

మా డ్రైవరు వత్తారా మనిషే. థియాం సంగతి ఎత్తితే, "అతను తనంతట తనే ఫ్రాన్సువాడయ్యాడు, అది వేరు" అన్నాడు. నాకైతే పెద్ద తేడా కనిపించలేదు. ఆ మాట అక్కడ అనలేదనుకోండి, నా కార్డు రెన్యువల్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది.