రొయ్య పెంకు నుంచి మామిడి తొక్క మీదికి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో తల, పెంకు తీసేసరికి రొయ్య బరువులో 40 నుంచి 50 శాతం వృథాగా పోతుంది. ఒక్క పూట ఎండలో ఉంటే ఆ కుప్ప దగ్గర నిలబడలేం. నాకు మాత్రం అందులో కైటోసాన్, అంటే పండ్ల మీద పలుచని పొరగా పూయగల పదార్థం, కనిపిస్తుంది. ప్రయోగశాలలో నా పని అదే.

పెంకులను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేయగానే బుసబుసమని నురగ పొంగుతుంది, సున్నం కరిగిపోతుంది. తర్వాత కాస్టిక్ సోడాతో మాంసకృత్తులు పోతాయి. మిగిలిన కైటిన్‌ను, అంటే పెంకులోని పీచు లాంటి పదార్థాన్ని, గాఢమైన కాస్టిక్ సోడాలో వేడి చేస్తే కైటోసాన్ తయారవుతుంది. ఈ తెల్లని రేకులు మామూలు నీటిలో కరగవు. కాస్త వెనిగర్ పడితే జిగురుగా, తేటగా కరుగుతాయి. ఆ ద్రావణంలో ముంచి ఆరబెట్టిన బంగినపల్లి మీద కంటికి ఆనని పొర ఏర్పడుతుంది. కాయ శ్వాస నెమ్మదిస్తుంది, తేమ తక్కువగా పోతుంది, నల్లమచ్చలు తెచ్చే శిలీంధ్రం జోరు తగ్గుతుంది. పొర మందమైతే మాత్రం గాలి ఆడక కాయ లోపల పులిసిన వాసన పుడుతుంది. అందుకే ద్రావణంలో కైటోసాన్‌ను నేను ఒక శాతం దాటనివ్వను.

ఇక మిగిలిన క్షారపు నీరు. దాన్ని శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే ఈ పనికి అర్థమే లేదు.

రొయ్యలు పడనివాళ్లకు, శాకాహారులకు తాము తినే పండు మీద ఏముందో తెలియాలి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయాల్సిందే. వాళ్ల కోసం పుట్టగొడుగుల నుంచి కూడా కైటోసాన్ తీయవచ్చు.