లాలిబెలాలో రెండు గంటలంటే...

"రేపు రెండింటికి వస్తా" అన్నాడు డ్రైవర్. మధ్యాహ్నమే కదా అని తీరిగ్గా పడుకున్నా. పొద్దున్న ఎనిమిదింటికే తలుపు కొట్టాడు! లాలిబెలా ఉన్న ఇథియోపియాలో గంటల లెక్క తెల్లారడంతో మొదలవుతుంది, మన ఏడు వాళ్లకి ఒకటి. ఏడాదికి నెలలేమో 13. ఇంకేం మాట్లాడతాం, ముఖం కడుక్కుని పరుగో పరుగు.

బేతె గియోర్గిస్ చర్చి దూరం నుంచి కనబడదు. నడుస్తూ ఉంటే కాళ్ల ముందు పెద్ద గొయ్యి, అందులో శిలువ ఆకారంలో గుడి. కట్టింది కాదు, ఒకే రాతిని పైనుంచి కిందికి తొలుచుకుంటూ పోయారు, మన ఎల్లోరా కైలాసంలాగే. ఇలా రాతిలో తొలిచినవి ఆ ఊళ్లో మొత్తం 11. దాదాపు 2,500 మీటర్ల ఎత్తు కదా, నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

ఆ రోజు బుధవారం, అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకి ఉపవాసం. మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. శాకాహారం దొరకదేమోనని టెన్షన్ పడి ఇంటి నుంచి పొడులు మోసుకెళ్లిన నా మీద నాకే నవ్వొచ్చింది. టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి ఒకవైపే కాల్చిన ఇంజెరా, అచ్చం మన అట్టు. భోజనం పెట్టిన ఇంటావిడ దాన్ని షిరోలో, అంటే పప్పుల పిండితో చేసే పులుసులో అద్ది, ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. దీన్ని గుర్షా అంటారు. అమ్మమ్మ పోయాక నాకెవరూ ముద్ద పెట్టలేదు. కాసేపు మాట రాలేదు.

తర్వాత కాఫీ. గింజలు కళ్ల ముందే వేయించి, దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి మూడుసార్లు పోస్తారు: అబోల్, తోనా, బరకా. ఫిల్టర్ కాఫీ మనిషిని, పాలు లేకపోయేసరికి మొదటి కప్పుకి మొహం చిట్లించా. మూడోది అయ్యాక ఇంకోటి ఉందా అని అడిగా.