మా వాడు స్టెప్స్ రాయనంటాడు

"ఆన్సర్ కరెక్టే కదమ్మా, మళ్ళీ అదంతా ఎందుకు?" అంటాడు మా వాడు. లెక్క 12 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 18 ఎక్స్‌ని కారణాంకాలుగా విడగొట్టడం. చూడగానే 6 ఎక్స్ బయటికి తీసి బ్రాకెట్లో 2 ఎక్స్ ప్లస్ 3 రాసేస్తాడు. నేనేమో 12ని రెండు రెళ్ళు, ఒక మూడుగా విడగొట్టు, 18ని ఒక రెండు, రెండు మూళ్ళుగా రాయి, ఎక్స్‌లు విడివిడిగా పెట్టు, రెండిట్లోనూ ఉన్నవాటికి రౌండ్ చుట్టు అంటాను. మాకు ఎనిమిదో తరగతిలో కారణాంక విభజన అట్లాగే నేర్పారు మరి.

ఇక్కడ అమెరికాలో, ఏ తరగతికి ఏం రావాలో చెప్పే కామన్ కోర్ అనే ప్రమాణాల్లో, ఆరో తరగతికే 24 ఎక్స్ ప్లస్ 18 వై లోంచి 6 బయటికి తీయడం ఉంది. వీళ్ళు డబ్బా గీస్తారు, లోపల రెండు గదుల్లో రెండు పదాలు, పక్కన రెండిటికీ కలిసే వెడల్పు, పైన మిగిలిన పొడవులు. నాకు అలవాటు లేదు గానీ బ్రాకెట్ ఎందుకొస్తుందో ఆ డబ్బాలో బాగానే కనిపిస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

అయినా స్టెప్స్ కావాలనే అంటాను. 6 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 3 ఎక్స్ ఇస్తే వాడు 3 ఎక్స్ బయట పెట్టి లోపల 2 ఎక్స్ ఒక్కటే రాశాడు, రెండో పదంలో అంతా బయటికి పోయింది కదా ఇంకేం మిగల్లేదు అని. 1 మిగులుతుంది నాన్నా, తిరిగి గుణించి చూడు, ఆ 3 ఎక్స్ వస్తుందా? మైనస్ 4 ఎక్స్ ప్లస్ 8 లో మైనస్ 4 తీస్తే లోపల ఎక్స్ మైనస్ 2 అవ్వాలి, అక్కడా గుర్తు మార్చడు. పిల్లలకి లెక్కలు చెప్పేవాళ్ళు ఎవరైనా సరే ఆ తిరిగి గుణించడం మాత్రం వదలకండి.

ఆదివారం తెలుగు క్లాసుకి రానంటే వదిలేశా, పప్పన్నం వద్దంటే పాస్తా చేసిపెడతా, మరి ఈ ఒక్క దగ్గర ఎందుకింత పట్టు అని మా ఆయన అడుగుతారు. నిజమే. లెక్కలప్పుడు వాడు నాతో తెలుగులో వాదిస్తాడు, "మైనస్ ఎటు పోయిందమ్మా" అని వాడే అడుగుతాడు, మిగతా రోజంతా ఓకే, ఫైన్ తప్ప ఏమీ ఉండదు. స్టెప్స్ రాయమంటే ఆ కాసేపు ఇంకొంచెం సాగుతుంది. నేను వాడి లెక్క కోసం పట్టుబడుతున్నానా, ఆ మాటల కోసమా, నాకే తేలట్లేదు. హైస్కూల్‌కి వెళ్ళాక వాడికి నా అవసరమే ఉండకపోవచ్చు.

ప్రస్తుతానికి మైనస్ ఉన్నవాటికే స్టెప్స్ రాయమన్నా. ఇంకా ఒప్పుకోలేదు.