బయటి చెక్క గోడకు స్టెయిన్

మా ఇంటి చెక్క పలకల్లో పడమటి వైపువే ముందు వెలిసిపోతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్కలో నారల్ని కలిపి పట్టి ఉంచే పదార్థమైన లిగ్నిన్‌ను దెబ్బతీస్తాయి, ఆ బూడిద రంగు అందుకే. ఏటా ఆ గోడమీద నీళ్లు చిలకరించి చూస్తాను. చుక్కలు ముత్యాల్లా నిలిస్తే పర్వాలేదు. చెక్క వెంటనే పీల్చేస్తే మళ్లీ స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు పూత) వేయాల్సిందే.

నీళ్లను జోరుగా చిమ్మే ప్రెషర్ వాషర్ నాకు నచ్చదు, చెక్క నారలు లేచిపోతాయి. మెత్తటి బ్రష్‌తో కడిగి, చెక్కలో తేమ 15 శాతం లోపుకి దిగేదాకా ఆగుతాను. పలకల కోసిన చివరలు నీటిని బాగా తాగుతాయి, అక్కడ రెండుసార్లు పూయాలి. మిగతాచోట పలచగా చాలు. పైన ఇంకకుండా మిగిలింది తుడిచేయాలి.

ఆయిల్ స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని మాత్రం దయచేసి కుప్పగా పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకోవచ్చు. నీళ్లలో ముంచి, మూతున్న ఇనుప డబ్బాలో పెట్టండి.