వారెంట్ మీద ఒక్క సంతకం కోసం

మా చీటీల డబ్బుతో పరారైన మనిషిని నిన్న బెంగళూరు నుంచి పట్టుకొచ్చారు. కోర్టు దగ్గర వ్యాన్ దిగుతుంటే కళ్లారా చూశాను. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

కేసు పెట్టడం, నాన్‌బెయిలబుల్ వారెంట్ రావడం పెద్ద కష్టం కాలేదు. విదేశాలకు పారిపోకుండా ఇమిగ్రేషన్ వాళ్లకు లుకౌట్ సర్క్యులర్ కూడా వెళ్లింది. ఆచూకీ కనిపెట్టింది మాత్రం మేమే. మా సభ్యురాలి అల్లుడు బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ ముందు అతని కారు చూసి ఫోన్ చేశాడు.

అసలు నరకం అక్కడి స్టేషన్లో చూశాం. మా హెడ్ కానిస్టేబుల్ ప్లాస్టిక్ కవర్లోంచి వారెంట్ తీసి టేబుల్ మీద పెట్టాడు. అక్కడి అధికారి దాన్ని ముట్టుకోనైనా లేదు. "మీ ఎస్పీ నుంచి మా కమిషనర్‌కు లెటర్ రావాలి. మావాళ్లంతా బందోబస్తులో ఉన్నారు" అన్నాడు. మనిషిని గుర్తుపట్టడానికి వచ్చామని నేను చెప్పబోతే, "నువ్వెవరు? పోలీసా? బయట నిలబడు" అని అందరి ముందూ గద్దించాడు. కూతురి పెళ్లికని చీటీ కట్టిన మా పిన్ని, చీటీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని గేటు పక్కన అరుగు మీద కూర్చుండిపోయింది. చీకటి పడేదాకా ఫోన్లే. చివరికి మేం వెళ్లేసరికి ఫ్లాటుకు తాళం!

ఆ లెటర్ అవసరమే లేదని మా లాయరు గారు తర్వాత చూపించారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 81 చదవండి. అక్కడి మేజిస్ట్రేటు గానీ, స్టేషన్ ఇన్‌ఛార్జి గానీ వారెంట్ మీద రాసి సంతకం చేస్తే చాలు. దానికోసం ఆగితే మనిషి జారిపోతాడనుకుంటే, సంతకం లేకుండానే పట్టుకోవచ్చు. దేశమంతా ఒకటే చట్టమైనప్పుడు, మా ముసలివాళ్లను గేటు దగ్గర కూర్చోబెట్టే హక్కు ఎవరిచ్చారు?

రెండోసారి మా డీఎస్పీ గారు అక్కడి ఏసీపీతో నేరుగా మాట్లాడారు. అదే టేబుల్, అదే కాగితం, టీ తాగేలోపు సంతకం అయిపోయింది. ఆ పరారైన మనిషి తన బావమరిది ఇంట్లో దొరికాడు. మా కోర్టు 30 కిలోమీటర్లకు మించి దూరం కాబట్టి ముందు అక్కడి మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరిచి, తర్వాత తీసుకొచ్చారు.

మీకూ ఇలాంటి గతి పడితే, మీ పోలీసులు బండెక్కకముందే పై అధికారితో అక్కడికి ఫోన్ చేయించండి. ఆచూకీ తెలిస్తే పక్కింటివాళ్లకు కూడా చెప్పకండి. ఎంతకీ దొరక్కపోతే సెక్షన్ 84 కింద పరారీ ప్రకటన, 85 కింద ఆస్తి జప్తు గురించి లాయరును అడగండి.

మా డబ్బుతో అతను కొన్న ప్లాట్లను సెక్షన్ 107 కింద జప్తు చేయించమని సోమవారం ఎస్పీ గారికి అర్జీ ఇస్తున్నాం. సభ్యులందరూ చీటీ పుస్తకాల జిరాక్సులు తీసుకుని రండి.