మిల్లు కంప్యూటర్‌లో నేను తెరిచే పేజీలు

జూన్ వచ్చిందంటే మిల్లు ఆఫీసులో లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ కంటే ముందు నేను తెరిచేది నాగార్జునసాగర్ నీటిమట్టం. మిర్యాలగూడలో రైస్‌మిల్లు లెక్కలు రాసే మనిషికి ఇది కాలక్షేపం కాదు. ఎడమ కాలువకు నీళ్లొదిలితే వడ్లొస్తాయి, వడ్లొస్తే లారీలొస్తాయి, లారీలొస్తే రాత్రి పొద్దుపోయేదాకా నాకు కాంటా చీటీలే. నీళ్లు రాని ఏడు మిల్లు సగం రోజులు మూసే ఉంటుంది, మా ఓనరు నవ్వు కూడా. ఆ ఖాళీలోనే నాకు ఈ చదివే అలవాటు ముదిరింది.

"ఎప్పుడు చూసినా కంప్యూటర్ల ఏదో చదువుతనే ఉంటవు, ఏముంటది పిన్నీ అండ్ల?" అని మా అక్క కూతురు అడిగింది. నల్గొండలో డిగ్రీ చదువుతోంది. దాని ఫోన్‌లో రీల్స్ తప్ప వేరే ఏదీ తెరుచుకున్నట్టు నేను చూడలేదు. వాట్సాప్‌లో లింకులు పంపితే నీలం టిక్కులు పడతాయి, అంతే. అందుకని ఇక్కడే రాస్తున్నా.

మొదట సాగర్ సంగతి. కేంద్ర జల సంఘం వాళ్ల వరద సూచనల సైట్ ఒకటుంది. పటం మీద చుక్కలుంటాయి. చుక్క నొక్కితే ఆ చోట నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో, పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో గీత కనిపిస్తుంది. అదే సంఘం ప్రతి గురువారం దేశంలోని పెద్ద జలాశయాల్లో ఎంత నిల్వ ఉందో బులెటిన్ వేస్తుంది. అందం చందం ఏమీ లేని పేజీలు ఇవి. కానీ నాలుగు అంకెలు గుర్తుంటే కథ చదివినట్టు చదువుకోవచ్చు.

సాగర్ నిండితే 590 అడుగులు, 312 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. ఈ 590 సముద్రమట్టం నుంచి లెక్క. డ్యామ్ లోతు అనుకుని కంగారు పడేవాళ్లను చాలామందిని చూశాను. 510 అడుగులకు దిగితే ఇక కనీస మట్టం. శ్రీశైలం నిండితే 885 అడుగులు, 215 టీఎంసీలు. జూరాల చిన్నది, పది టీఎంసీలు కూడా పట్టదు కాబట్టి పైనుంచి వచ్చిందంతా కిందికి వదలాల్సిందే. ఇన్‌ఫ్లో, అంటే వచ్చి చేరే నీళ్లు, క్యూసెక్కుల్లో ఇస్తారు. సెకనుకు ఒక ఘనపుటడుగు పారితే ఒక క్యూసెక్కు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. అంటే శ్రీశైలం నుంచి రెండు లక్షల క్యూసెక్కులు వస్తుంటే సాగర్‌లోకి రోజుకు 17 టీఎంసీలు చేరుతున్నట్టు. ఇంత తెలిస్తే చాలు, కృష్ణ మీద పైనుంచి ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం వరుసగా చూసుకుంటూ వస్తే మన కాలువకు ఎప్పుడు ఆశ పెట్టుకోవచ్చో ఒక అంచనా వస్తుంది. టీవీలో "కృష్ణమ్మ పరవళ్లు" అని అరిచే అరగంటలో ఈ అంచనా రాదు.

ప్రతి వానాకాలం మొదట్లో ఒక వీడియో తిరుగుతుంది. సాగర్ 26 గేట్లూ ఎత్తి నీళ్లు తెల్లగా దూకుతుంటాయి, వెనక ఏదో సినిమా పాట. ఒకసారి వేములపల్లి వైపు రైతు ఒకాయన ఫోన్ చేశాడు.

"బిడ్డా, సాగర్ గేట్లు ఎత్తిన్రంట గదా. నారు పోసుకోమంటవా?"

పేజీ తెరిచి చూస్తే నీళ్లు 530 దగ్గరున్నాయి.

"ఇంకా లేదు పెద్దయ్యా. 530 అడుగులే ఉన్నయి."

"మరి వీడియోల దుంకుతున్నయి?"

"గేట్ల అడుగే 546 కాడ ఉంటది. 530ల నీళ్లుంటే గేటు ఎత్తినా చుక్క రాదు. అది పాత వీడియో."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ గేట్ల లెక్క మావోనికి జర చెప్పు, వాడే పంపిండు" అని ఫోన్ కొడుక్కిచ్చాడు. కొడుకు హైదరాబాద్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉంటాడట, సెలవుకు వచ్చాడు. 546కి గేటు ఎత్తు 44 అడుగులు కలిపితే 590 అవుతుందని చెప్పాను. అబ్బాయి మర్యాదగా "థాంక్యూ మేడం" అన్నాడు. ఆ వీడియో ఆ మర్నాడు ఇంకో గ్రూపులో మళ్లీ వచ్చింది, అది వేరే సంగతి.

2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కూడా ఇంతే. మా ఆలంపురం చుట్టాలకు నిజంగా టెన్షన్ పడాల్సిన కారణం ఉంది, వాళ్ల రాజోలిబండ (ఆర్డీఎస్) కాలువ తుంగభద్రనే నమ్ముకుంది. మా మిర్యాలగూడలో మాత్రం డ్యామే పోయినట్టు, ఆ నీళ్లన్నీ మన మీదికే వస్తున్నట్టు మాట్లాడుకున్నారు. సుంకేసుల బ్యారేజీ దాటి ఆ నీళ్లు శ్రీశైలానికి చేరతాయనీ, మన దాకా రావాలంటే దాన్ని దాటాలనీ పటం చూస్తే తెలుస్తుంది. పటం చూసే ఓపిక ఎవరికుంది?

వాతావరణానికి నేను చూసేది వ్యవసాయ వాతావరణ బులెటిన్లు. మంగళవారం, శుక్రవారం వస్తాయి, జిల్లాల వారీగా. రాబోయే రోజుల వాన, ఎండ, గాలిలో తేమతో పాటు ఏ పంటకు ఏం చేయాలో కూడా రాస్తారు. భాష కాస్త ప్రభుత్వ ఉత్తర్వులా ఉంటుంది, అయినా వడ్లు ఆరబోసే రోజుల్లో నాకు పనికొచ్చినంతగా ఏ జ్యోతిష్యమూ రాలేదు. వడ్లలో 17 శాతం తేమ దాటితే మద్దతు ధరకు కొనే కేంద్రం దగ్గర ఏమవుతుందో రైతును అడగండి. ధరలకు అగ్‌మార్క్‌నెట్, మార్కెట్ యార్డుల ధరలు పెట్టే కేంద్ర ప్రభుత్వ సైట్. కనిష్టం, గరిష్టం, ఎక్కువ సరుకు అమ్ముడైన మోడల్ ధర, మూడూ ఉంటాయి. పేపర్లో గరిష్ట ధర హెడ్డింగ్ పెట్టి రాస్తే మోడల్ ధర ఎంతో ఇక్కడ చూసుకోవాలి. జడ్చర్ల బాదేపల్లి మార్కెట్‌లో వేరుశనగ ధర మా పుట్టింటివాళ్ల కోసం చూస్తుంటాను.

పుట్టిల్లంటే కోస్గి దిక్కు. మెట్టపొలాలు, బోర్లు, వలస. మా నాన్న, కూలీలను జట్టుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మట్టిపనికి వెళ్లేవాడు. మహారాష్ట్రలో ఎక్కడెక్కడ పనిచేశాడో ఆయనకే పూర్తిగా గుర్తులేదు. దేశంలో ఎన్ని డ్యాములకు పాలమూరు లేబర్ మట్టి మోసిందో లెక్కలేదని పెద్దవాళ్లు గొప్పగా చెప్పేవాళ్లు. డ్యాముల కింద పొలాలు మాత్రం వేరేవాళ్లవి. ఇప్పుడు నేను ఒక డ్యామ్ కింద మిల్లులో కూర్చుని ఆ వడ్ల లెక్కలు రాస్తున్నా.

అందుకే పారి దొరికినప్పుడు ఆ రాత్రి చాలాసేపు పడుకోలేదు. పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా. పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014 చివర్లో మొదలుపెట్టిన సైట్. పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు, చాలా కథనాలు తెలుగులోనూ ఉంటాయి. 2003లో మహబూబ్‌నగర్ నుంచి ముంబయికి వెళ్లే బస్సుల మీద ఆయన రాసింది కూడా అందులో చదివాను. పదేళ్లలో ఆ బస్సులు ఎలా పెరిగాయో చెబుతుంది. మా ఊరి బస్‌స్టాండ్‌లో సద్ది మూటలతో, పార పిడులతో, చంటిపిల్లలతో జనం ఎక్కుతుంటే చిన్నప్పుడు నేను చూసింది అదే. వాళ్ల గురించి ఎవరైనా బస్సుల లెక్క పట్టుకుని రాస్తారని నాకెప్పుడూ తట్టలేదు.

మామూలు పేపర్లలో వలస అంటే ఎండాకాలం ఒక ఫోటో, కింద రెండు వాక్యాలు. పారిలో మనిషికి పేరుంటుంది, ఊరుంటుంది, అప్పెంతో, కూలెంతో, ఆ కూలిలో బియ్యానికెంత పోతుందో ఉంటుంది. లెక్కలు రాసేదాన్ని కాబట్టి నాకు ముందు అవే కనిపిస్తాయి. తెలుగు కథనాల్లో కొన్నిచోట్ల అనువాదం వాసన కొడుతుంది, వాక్యం వెనక్కీ ముందుకీ తిరిగి అలసిపోతుంది. భరించవచ్చు. అందులోనే మహారాష్ట్ర ఆడవాళ్లు తిరగలి పట్టుకుని పాడిన పాటలు లక్షకు పైగా పోగుచేసిన ఖజానా ఉంది. కొన్నిటికి గొంతు కూడా వినిపిస్తుంది. మరాఠీ నాకు రాదు. అయినా పెట్టుకుని వింటూ తవుడు బిల్లులు రాస్తుంటాను. మా నాయనమ్మ ఇసుర్రాయి దగ్గర ఏం పాడేదో ఒక్క ముక్క గుర్తులేదు, మా అమ్మకూ లేదు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక చదివేది వేరే. తెలుగు వికీసోర్స్‌లో సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఉంది. గద్వాల దగ్గరి ఇటిక్యాలపాడు ఆయనది, మా పాలమూరు పెద్దమనిషి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేసిన మనిషి. తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఈ సాంఘిక చరిత్రకే వచ్చింది, అప్పటికి ఆయన లేరు. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి, కావ్యాలు జల్లించి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆటలాడారు అని రాశారు. ఒకే ఊపులో చదివే పుస్తకం కాదు. రోజుకు రెండు పేజీలు చాలు. ఏదో ఒక కూరగాయో, నగో, జూదమో తగులుతుంది, సాయంత్రం దాకా దాని గురించే ఆలోచన.

వికీసోర్స్ ఎలా నడుస్తుందో మా అక్క కూతురికి తప్పకుండా చూపించాలి. ఒకవైపు పాత పుస్తకం పేజీ ఫోటో, పక్కనే దాన్ని చూసి దించిన అక్షరాలు. ఎవరైనా దిద్దవచ్చు. దిద్దని పేజీ ఎర్రగా ఉంటుంది, ఒకరు దిద్దితే పసుపు, ఇంకొకరు మళ్లీ చూసి సరే అంటే ఆకుపచ్చ. లోడింగ్ లేని రోజుల్లో నేనూ ఒకటో అరో పేజీ పసుపు చేస్తుంటాను. ఖాతా పుస్తకంలో రెండో మనిషి సంతకం లాంటిదే ఆ ఆకుపచ్చ, అందుకే నాకు ఆ పద్ధతి నచ్చింది.

కథలు కావాలంటే కథానిలయం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన గ్రంథాలయం అది, సైట్‌లో పాత పత్రికల్లో అచ్చయిన కథల పేజీలు ఫోటోలుగా ఉంటాయి. రచయిత పేరు కొడితే వరుస వస్తుంది. మన నల్గొండ బోయ జంగయ్య పేరు కొట్టి చూడండి. ఫోన్ తెరమీద అక్షరాలు చిన్నగా ఉండి కళ్లు లాగుతాయి, కంప్యూటర్ మేలు. పత్రికైతే ఈమాట. 1998 నుంచి వస్తున్న వెబ్ పత్రిక, పాత సంచికలు ఇప్పటికీ తెరుచుకుంటాయి. కొన్ని వ్యాసాలు నా తలకు మించినవి. అవి వదిలేసి కథలకు, పాత రేడియో ఆడియోలకు వెళ్లిపోతాను, ఎవరూ పరీక్ష పెట్టరు కదా. మాటకు అర్థం కావాలంటే ఆంధ్రభారతి నిఘంటువు, ఒక్క మాట కొడితే బోలెడు నిఘంటువుల్లోంచి ఒకేసారి వస్తుంది.

చదవనివి కూడా చెప్పాలి. "ఇది చూస్తే షాక్ అవుతారు" అని మొదలయ్యేది ఏదీ తెరవను. పేజీ తెరవగానే నోటిఫికేషన్ కావాలా అని అడిగే వార్తా సైట్లకు వద్దు అని ఒక్కసారి నొక్కి, మళ్లీ వెళ్లను. సాయంత్రానికి మారిపోయే వార్తను పొద్దున చదివి నేనేం చేయాలి?

ఇవన్నీ ఒక్కొక్కటిగా వెతుక్కోవాలంటే ఎవరికైనా విసుగే. ఫీడ్ రీడర్ అని ఒక యాప్ పెట్టుకుని సైట్ చిరునామా అందులో ఇస్తే, కొత్తది రాసినప్పుడు అదే తెచ్చి పెడుతుంది. గూగుల్ వాళ్లది 2013లో మూసేశారు కానీ వేరేవి ఉన్నాయి, ఉచితంగానే. చాలా ప్రభుత్వ సైట్లకు ఈ సౌకర్యం ఉండదు, వాటిని బుక్‌మార్క్ చేసుకోవాల్సిందే. మా అక్క కూతురు పండగకు వచ్చినప్పుడు దాని ఫోన్‌లో నేనే పెట్టిస్తా.

ఇంకొకటి. పదీ పదిహేనేళ్ల కింద మన జిల్లాలవాళ్లు రాసుకున్న తెలుగు బ్లాగులు చాలా వరకు మాయమైపోయాయి. ఊరి జాతరల మీద, చెరువుల మీద, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక పడే నీడ మీద మంచి మంచివి ఉండేవి. డొమైన్ డబ్బు కట్టక కొన్ని, రాసినవాళ్లు ఫేస్‌బుక్‌కు వెళ్లిపోయి కొన్ని. లింక్ నొక్కితే ఏమీ రాదు. అలాంటప్పుడు ఆ చిరునామాను వేబ్యాక్ మెషీన్‌లో అతికించి చూడండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లది, పాత పేజీల నకళ్లు తేదీలవారీగా దాచి పెడుతుంది. ఫోటోలు రాకపోయినా రాత చాలాసార్లు దొరుకుతుంది. నచ్చిన పేజీ ఇప్పుడు బతికే ఉంటే అక్కడే "సేవ్ పేజ్ నౌ" అని ఉంటుంది, దాని చిరునామా వేసి నొక్కండి, ఒక నకలు పడి ఉంటుంది. మీ దగ్గర అలాంటి పాత బ్లాగుల లింకులుంటే, తెరుచుకోకపోయినా సరే, కామెంట్లలో పెట్టండి. ఆదివారం మిల్లుకు సెలవు, కూర్చుని వెతుకుతా.